మంచం ఎక్కడ వెయ్యమంటారు

చోడవరం బస్టాండు ఎదుట టీ కొట్టు బాబీ పొద్దున్నే మొదటి గ్లాసు సన్యాసమ్మకి ఇవ్వడు. ఆమె మీద అతనికి కోపమేమీ లేదు. అతని తల్లికి ఆఖరి పది రోజులూ పుళ్లు కడిగి కట్టు కట్టింది ఆమే. అయినా బోణీ ఆమె చేత్తో అవకూడదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు కనక, ఇంకొకరెవరైనా వచ్చి టీ తీసుకునేదాకా పక్కకి నిలబడి, మాడుగుల వైపు వెళ్లే ఆటోలు చూస్తూ ఉంటుంది. ఎవరూ రాని రోజున తాగకుండానే వెళ్లిపోతుంది.

ఆమెకి నలభై ఎనిమిదేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడిస్తే చప్పుడు ఉండదు. భుజానికి ఒక గుడ్డసంచి. అందులో దూది, పట్టీలు, చిన్న స్టీలు గిన్నె. గుటక పడని రోగుల పెదాలకి తడి దూది అద్దుతూ గంటలకి గంటలు కూచుంటుంది కనక ఊరివాళ్లు ఆమెని నీళ్ల సన్యాసమ్మ అంటారు. ఆ సంచి ఏ వీధి మలుపు తిరిగితే ఆ వీధిలో ఆడవాళ్లు గొంతు తగ్గించి, ఎవరింటికో అని చూస్తారు. తమ గుమ్మం దాటి పోయిందంటే పనిలో పడతారు.

ఆమె కన్నా ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడోదైనా దక్కాలని తల్లి ఆమెని పుట్టిన రోజునే చేటలో పడుకోబెట్టి, వీధిన పోతున్న ఒక సన్యాసికి దానమిచ్చేసి, గుప్పెడు నూకలు పోసి మళ్లీ కొనుక్కుంది. పిల్ల సన్యాసి సొత్తు కనక చావు దాని జోలికి రాదని. చావుకి సన్యాసమ్మ కనపడదనీ, అందుకే దాని పక్కన అంత నిబ్బరంగా నడవగలుగుతోందనీ ముసలివాళ్లు చెప్పుకుంటారు. ఆ మాట ఆమె చెవిన పడినా నవ్వదు, కాదనదు.

చోడవరంలో ఒక ట్రస్టువాళ్లు నయం కాని జబ్బుతో ఇంటి దగ్గరున్నవాళ్లని చూసుకోడానికి చిన్న ఆఫీసు నడుపుతున్నారు. వారానికోసారి డాక్టరు వస్తాడు. నొప్పి మందులు, కట్లు ప్రవల్లిక అనే నర్సు చూసుకుంటుంది. సన్యాసమ్మ చదివింది ఏడో తరగతి. ఆమె పని వేరు. విశాఖ తీసుకెళ్లాలా, ఇంట్లో ఉంచాలా, ముక్కులో గొట్టం పెట్టించాలా వద్దా అని ఇంటిల్లిపాదీ తలో మాటా అంటున్నచోట ఆమె ఓ మూల కూచుంటుంది. అడిగితే ఏ దారిలో ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెబుతుంది. ఏది మంచిదో మాత్రం చెప్పదు. చివరికి ఒకే ఒక ప్రశ్న, అదీ రోగినే అడుగుతుంది. మంచం ఎక్కడ వెయ్యమంటారు? కిటికీ దగ్గరా, పొయ్యి గదిలోనా, ఆసుపత్రిలోనా? జవాబు వచ్చేదాకా ఎన్ని పూటలైనా ఆగుతుంది.

ఆ ప్రశ్న ఆమెకి ఎవరూ నేర్పలేదు. పన్నెండేళ్ల కిందట ఆమె మొగుడు లివరు పాడై, అద్దె గదిలో ఆఖరి దశకి వచ్చాడు. ఇంటి యజమాని చెడ్డవాడు కాడు. చేతులు పట్టుకుని బతిమాలాడు. రేపటి నుంచి నక్షత్రం మంచిది కాదు, ఇంట్లో మనిషి పోతే ఇల్లంతా ఖాళీ చేసి నెలల తరబడి తాళం వేసుకోవాలి అన్నాడు. సన్యాసమ్మ, ఆమె తమ్ముడు చెరో పక్కా పట్టి మంచాన్ని సందులో పెట్టారు. ఆ పూటో, తెల్లారో అనుకున్నారు. మనిషి రెండు రోజులు బతికాడు. ఎండకి ఆమె చీర అడ్డం కట్టింది. వచ్చేపోయేవాళ్లు మంచానికి తగలకుండా ఒదిగి నడిచారు. రెండో రోజు కళ్లు తెరిచి, నన్ను బయటెందుకు పెట్టేరని అడిగాడు. లోపల ఉక్కగా ఉందని చెప్పింది. అది అబద్ధమని అతనికి తెలుసు. తెలిసే, మెల్లిగా తల ఊపాడు. ఇప్పటికీ ఎవరింట్లోనో పట్టపగలు దూది తడుపుతుండగా, కంటి కొసన ఎవరో అలా తల ఊపినట్టు కనిపిస్తుంది. తిరిగి చూస్తే ఉండరు. ఎవరి మంచాన్నీ ఇక బయటికి మొయ్యనని ఆమె ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

పరదేశి ఇంటికి ఆమె వెళ్లింది ఫాల్గుణంలో, గానుగలు ఆడే రోజుల్లో. ఊరి చివర, మాడుగుల రోడ్డు దిగి చెరకు తోటల్లోకి పోయే దారిలో కొత్త స్లాబు ఇల్లు, నీలం రంగు ఇనప గేటు. పరదేశికి డెబ్బై దాటాయి. బెల్లం వండడంలో ఆ చుట్టుపక్కల ఆయన చెయ్యి పేరున్న చెయ్యి. పాకాన్ని చుక్కగా నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి, దించమంటే దించాల్సిందే. ఇప్పుడు అన్నం దిగే దారిలో కాన్సర్. కొద్దిరోజులుగా మంచినీళ్లు కూడా చెంచాతోనే. ఇక చేసేది లేదని విశాఖ డాక్టర్లు ముందే చెప్పారు. కొడుకు ఉమామహేష్ ఫార్మా కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. కోడలు దేవిశ్రీకి ఏడో నెల.

మొదటి రోజునే ముసలాయన ఆమె పేరు అడిగి, నవ్వబోయి దగ్గాడు.

"నీకూ నాకూ ఒకలాటి పేరేనే అమ్మీ. నా ముందు ముగ్గురు పోతే మాయమ్మ నాకీ పేరెట్టింది. ఈడు మనోడు కాడు, ఏ పరాయి ఊరోడో అనుకుని యముడు సూసీసి ఎల్లిపోవాలని. డెబ్బయ్యేళ్లు మోసపోయేడు పాపం. ఇప్పుడెవులో సెప్పీసినట్టున్నారు."

ఆ సోమవారం ఆమె వెళ్లేసరికి ఉమామహేష్ నిర్ణయం తీసేసుకుని ఉన్నాడు. బుధవారం పొద్దున తొమ్మిదింటికి అంబులెన్సు వస్తుంది. విశాఖలో చేర్పించి గొట్టం పెట్టిస్తారు, అవసరమైతే మిషను మీద పెడతారు. వైద్యం చేయించలేదని రేపు నలుగురూ అనకూడదు కదా అన్నాడు. గొట్టం పెట్టినా వారమో పది రోజులో అని ప్రవల్లిక ముందే చెప్పిందిగా అంటే, చెప్పిందన్నాడు. అదంతా అతను ఆమె మొహం చూసి చెప్పలేదు, గచ్చు వైపు చూస్తూ చెప్పాడు.

మందు నూరడానికి గిన్నె కోసం ఆమె వంటగదిలోకి వెళ్లింది. గోడ మీద పంచాంగం కేలండరు వేలాడుతోంది. బుధవారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా ఎర్ర పెన్నుతో గీతలు గీసి ఉన్నాయి. అలాటి గీతలు ఆమె చాలా ఇళ్లలో చూసింది. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాలు. ధనిష్ఠలో ఇంట్లో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. అంబులెన్సు బుధవారం పొద్దునే ఎందుకో ఆమెకి అర్థమైంది. కొడుకు చెప్పిన వైద్యం ఆ గీతల దగ్గర మొదలైంది. మందు నూరుకుని, ఏమీ చూడనట్టు బయటికి వచ్చింది.

మాత్ర నీటిచుక్కలో కలిపి ముసలాయన చెంప లోపల పోసింది. నొప్పి కాస్త తగ్గాక అడిగింది, మంచం ఎక్కడ వెయ్యమంటారని. ఎండ నడినెత్తిన ఉంది. తోటల అవతల గానుగ ఇంజను పొద్దుటి నుంచీ టకటకా కొట్టుకుంటూనే ఉంది. పనివాళ్లు తిండికి లేచే వేళయింది; ఇంజను ఒక్కసారిగా ఆగింది. ఇన్ని గంటలూ ఆ చప్పుడులో మునిగి ఉన్న ఇల్లు, చెట్టూ చేమా, అంతా చెవులు రిక్కించినట్టయింది. ముసలాయన తల కిటికీ వైపు తిప్పాడు. అక్కణ్నించి గేటు కనిపిస్తుంది.

"ఇంజనాగింది కదా. ఇప్పుడొస్తాది."

ఎవరు బాబూ అని అడిగింది.

"నూకాలు."

నూకాలమ్మ ఆయన భార్య. రెండేళ్ల కిందట పోయింది. సన్యాసమ్మ కిటికీలోంచి చూసింది. గేటు, ఎండ, దాని వెనక దారి. చెరకు ఆకు కూడా కదలడం లేదు. ఎవరూ లేరు. కానీ వాసన వచ్చింది. ఘాటైన పొగాకు వాసన, చుట్ట వాసన. ఆ పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారు. బయటికి నిప్పు కనపడదు, పొగే కనపడుతుంది. నూకాలమ్మకి నలభై ఏళ్ల అలవాటది. అదే అంగిట్లో పుండై, విశాఖ ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు మిషను మీద ఉండి పోయింది.

రోగులు ఎవరినైనా చూస్తున్నామంటే అక్కడెవరూ లేరని సన్యాసమ్మ ఎప్పుడూ అనదు. ఏటి సెప్తన్నాదని అడిగింది.

"ఏటీ సెప్పదు. నోట్ల నిప్పుంది కదా. నోరిప్పితే ఆరిపోద్ది." గేటు వైపు చూస్తూ, "గేటు మీద సెయ్యేసి నిలబడతాది. లోపలికి రాదు" అన్నాడు.

ఎందుకు రాదంటే కళ్లు మూసుకున్నాడు. ఆమె అడిగిన ప్రశ్నకి మాత్రం, వెళ్లబోతుంటే, జవాబు చెప్పాడు. మంచం ఎక్కడ వెయ్యాలో రేపు చెబుతానన్నాడు. దాన్నడిగి చెబుతానన్నాడు.

మంగళవారం ఆమె గేటు తియ్యబోతుండగానే దేవిశ్రీ కుళాయి దగ్గర్నుంచి లేచి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకోవడం మరిచిపోయింది. కాపురానికొచ్చిన ఏడాదే ఆమె అత్త పోయింది. ఎవరితోనూ అనలేదట, నెల రోజులుగా మధ్యాహ్నం అయ్యేసరికి తనకి అత్త చుట్ట వాసన వస్తోందట. పాత పెంకుటిల్లు పడగొట్టి కట్టిన ఇల్లు ఇది. అత్త ఇందులో ఒక్కపూట కూడా ఉండలేదు.

"మావయ్య కోసం వచ్చిందో, నా కడుపుల ఉన్నదాని కోసం వచ్చిందో తెల్దు పిన్నీ. గేటు కాడ ముగ్గెయ్యడం మానీసినాను."

కేలండరు మీద గీతలు కూడా తనే గీసిందని చెప్పేసింది. చీడికాడలో పంతులుగారి దగ్గరికి వెళ్లి రాయించుకొచ్చిందట. తొలిచూలు బిడ్డ ఇంటికొచ్చేసరికి ఇంటికి తాళం ఉండకూడదని, అంతే. మావయ్యంటే తనకి ఇష్టమేనని రెండుసార్లు అంది. సన్యాసమ్మ ఆమెని తప్పు పట్టలేదు, ఓదార్చలేదు. ఇంజను ఆగే వేళకి మొగుడూ పెళ్లాలిద్దరూ పెద్దాయన దగ్గర కూచోమని చెప్పింది.

కూచున్నారు. ఉమామహేష్ తండ్రి కాళ్ల దగ్గర, దేవిశ్రీ గోడకి జేరబడి. ఇంజను ఆగింది. ముసలాయన కిటికీ వైపు చాలాసేపు చూశాడు. పెదాలు రెండుసార్లు కదిలాయి. అటువైపు నుంచి ఏదో సైగ కోసం చూస్తున్నట్టు ఆగాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"నా మంచం గేటు కాడెయ్యండి."

ఉమామహేష్ మొహంలో బిగువంతా ఒక్కసారి సడలిపోయింది. ఇది ఎవరికీ తట్టని దారి. ఆసుపత్రీ అక్కర్లేదు, ఇంటికి తాళమూ పడదు, నాన్న మాట నెగ్గినట్టూ ఉంటుంది. అతను అప్పుడే లేచి తలవైపు మంచంకోళ్లు పట్టుకున్నాడు. కాళ్లవైపు పట్టమని సన్యాసమ్మకి సైగ చేశాడు.

ఆమె చేతులు సంచి మీంచి కదల్లేదు. అతని వెనక, గుమ్మం పక్కన, కంటి కొసకి ఎవరో మెల్లిగా తల ఊపారు.

"నేను మొయ్యను బాబూ" అంది.

ఆమె గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు. ఉమామహేష్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. సందు సంగతి, చీర అడ్డం కట్టిన సంగతి, రెండు రోజుల సంగతి, ఉక్కగా ఉందని చెప్పిన సంగతి, నాలుగే నాలుగు మాటల్లో చెప్పింది. ఎవరి దగ్గరా అంతకుముందు చెప్పలేదు. తర్వాత ముసలాయన దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూచుంది.

"ఒక్కటే అడుగుతన్నాను, నిజం సెప్పండి. గేటు కాడ అన్నది మీ కోసవా, ఈల కోసవా?"

పరదేశి ఆమె వైపు చూసిన చూపులో కొంచెం వెక్కిరింత కూడా ఉంది.

"ఈలకి బయవని నాకు తెల్దేటి? కేలండర్ల గీతలు నా మంచానికే కనపడతన్నాయి. ఈల కోసం కాదే. అది రెండేళ్లై గేటు కాడే నిలబడింది. నన్ను ఆస్పత్రిల సంపీసి తెస్తే నేనూ అక్కడే నిలబడాల. లోపల పోతే, నేను లోపల, అది బయట. లోపలికి రాయే అంటే తల అడ్డంగా ఊపుతాది. ఆపినోడు పిలవాలని సైగ సేస్తాది."

ఉమామహేష్ చేతులు మంచంకోళ్లని వదిలేశాయి.

రెండేళ్ల కిందట తుంపర పడుతుండగా విశాఖ నుంచి నూకాలమ్మని తెచ్చారు. బయట పోయిన మనిషిని గడప దాటించకూడదని పెద్దలు అన్నారు. అంబులెన్సు దగ్గరికొస్తుంటే ఎదురెళ్లి, గేటు బయటే ఆపమని చెయ్యి ఎత్తినవాడు ఉమామహేష్. రోడ్డు మీదే బల్ల వేశారు. అక్కడే నీళ్లు పోశారు, అక్కణ్నించే ఎత్తారు. తను కట్టిన పొయ్యి, తను అలికిన గుమ్మం ఆమెకి ఆఖరిసారి చూపించలేదు. అందరూ చేసేదే అది, అతనొక్కడే చేసింది కాదు. కానీ చెయ్యి మాత్రం అతనిది.

అతను ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. కిటికీలోంచి అతని వీపు కనిపిస్తోంది. గేటు దగ్గర నిలబడ్డాడు. గడియ ఎత్తి, రెండు తలుపులూ బార్లా తీశాడు. ఎదురుగా దారి, ఎండ, అంతే. చెయ్యి ఎత్తబోయి, దించేసుకున్నాడు.

"లోపలికి రా అమ్మా" అన్నాడు.

చుట్టమొస్తే దారివ్వడానికి తప్పుకున్నట్టు పక్కకి తప్పుకున్నాడు.

ఏమీ కదల్లేదు. గాలి లేదు. ఒక కాకి కూడా అరవలేదు. చుట్ట వాసన మాత్రం మొదట గేటు దగ్గరి నుంచి వచ్చినట్టుండి, తర్వాత మెట్టు దగ్గరికి, తర్వాత వరండాలోకి వచ్చింది. అంతవరకూ చావుకి దగ్గరైన వాళ్లు ఎవరినో చూస్తుండడం సన్యాసమ్మ ఎన్నోసార్లు చూసింది. వాళ్ల చూపు ఎప్పుడూ ఒకేచోట, తలుపు మీదో పైకప్పు మూలో నిలిచిపోయి ఉంటుంది. పరదేశి చూపు అలా లేదు. అది గుమ్మం దాటింది. అడుగడుగునా ఆగుతూ, గోడలు చూసుకుంటూ నడిచేవాళ్లతో పాటు నడిచినట్టు, గది మధ్యకి వచ్చింది. కొత్త స్లాబు వైపు ఒకసారి పైకి వెళ్లింది. మంచం పక్కకి వచ్చి ఆగింది.

దేవిశ్రీ గోడకి అతుక్కుపోయి ఉంది. రెండు చేతులూ కడుపు మీద. సన్యాసమ్మ ఆమె కేసి చూసి లేవబోయింది. అంతలో దేవిశ్రీయే కదిలింది. కొంగు భుజం మీదికి లాక్కుని, మూలనున్న పీట తీసుకొచ్చి, మామగారి చూపు ఆగినచోట వేసింది. అత్తకి కోడలు పీట వేసినట్టే వేసి, వెనక్కి తప్పుకుంది.

"మంచం ఇక్కడే ఉండనీండి" అన్నాడు పరదేశి. "ఇంకెక్కడికీ వద్దు."

కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తండ్రి అతన్ని దగ్గరికి పిలిచాడు.

"ఒరే, పాకం ఉండకట్టింది. ఇంకా మంటెట్టకు. మాడిపోద్ది."

ఉమామహేష్ చిన్నప్పుడు గానుగ దగ్గర తండ్రి పక్కన కూచుని ఆ ఉండలు తిన్నవాడే. వేళ మించి రెండు నిమిషాలు మంట పెడితే పాకం కాచే పెనమంతా చేదెక్కిపోతుందని అతనికి వేరే చెప్పక్కర్లేదు. ఫోను తీసి అంబులెన్సు వద్దని చెప్పాడు. అవతలివాళ్లు కారణం అడిగినట్టున్నారు. ఇంట్లోనే ఉంటారు అన్నాడు.

నక్షత్రం ఉండనే ఉంది. అది ఎవరూ మరిచిపోలేదు. మరునాటి మధ్యాహ్నానికి ధనిష్ఠ వస్తుంది. సన్యాసమ్మ దాని గురించి ఎత్తలేదు. అది తను తేల్చే మాట కాదు. దేవిశ్రీ వంటగదిలోకి వెళ్లి, కేలండరు ముందు కాసేపు నిలబడి వచ్చింది.

"ఇల్లు మూస్తే మూద్దాం" అంది మొగుడితో. "ఆర్నెల్లే కదా. నేను ఎలాగూ మాయమ్మోలింటికి మాడుగుల ఎల్లాల."

గురువారం ధనిష్ఠ ఇంకా వెళ్లలేదు. ఇంజను ఆగే వేళకి సన్యాసమ్మ దూది తడిపి ఆయన పెదాల మీద పెట్టింది. ఆ రెండు రోజులూ నొప్పి మందు సరిపోయింది. ముఖంలో ముడతలు కూడా కాస్త విప్పుకున్నాయి. ఆయన నోరు కొద్దిగా తెరిచి ఒక ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలో చుట్ట వాసన వచ్చింది. పరదేశి జన్మలో చుట్ట ముట్టి ఎరగడు. తర్వాత ఇంకో ఊపిరి రాలేదు. ఇంజను మళ్లీ మొదలయ్యేదాకా ఎవరూ ఏడవలేదు.

కర్మ పూర్తయ్యాక ఇల్లు మూశారు. ఉమామహేష్ కంపెనీ దగ్గర గది చూసుకున్నాడు. బయల్దేరే ముందు దేవిశ్రీ మంచం ఉన్నచోటు పక్కన వేసిన పీట తియ్యాలా, ఉంచాలా అని సన్యాసమ్మని అడిగింది. ఆమె తనకి తెలియదంది. దేవిశ్రీ ఆలోచించి, లోపలికి వెళ్లి ఇంకో పీట తెచ్చి, మొదటి దాని పక్కన వేసింది. అప్పుడు తాళం వేశారు.

ఆ దారిని సన్యాసమ్మకి వేరే రోగులున్నారు. వేసవంతా, వానల్లోనూ ఆ గేటు ముందు నుంచే నడిచింది. ధనిష్ఠ ఇల్లని జనం అవతలి అంచు పట్టి నడిచేవాళ్లు. సన్యాసమ్మని చూసి తప్పుకునేవాళ్లు, ఆ ఇంటిని చూసి తప్పుకునేవాళ్లు ఒకే పక్కకి చేరడంతో, ఈ పక్క దారంతా ఆమె ఒక్కదానికే మిగిలేది. శ్రావణంలో వానలు పడి ఆ ఇంటి ముంగిలంతా మోకాలెత్తు గడ్డి లేచింది. గేటు నుంచి గుమ్మం మెట్టు దాకా మాత్రం, ఒక మనిషి నడిచేంత వెడల్పున గడ్డి మొలవలేదు. నేల నున్నగా, కాలి నడకకి అణిగినట్టు ఉంది. ఆమె గేటు ఊచల్లోంచి చూసింది. తలుపు తాళానికి తుప్పు పట్టి ఉంది, అది ఎవరూ తియ్యలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం లోపలి నుంచి గరిట పెనం అంచుకి తగిలినట్టు చిన్న చప్పుడైంది. నిలబడి వింది. మళ్లీ రాలేదు. ఆ రోజు ఆమె ఆ దారిన నడుస్తూ, ఎన్నో ఏళ్లకి, వెనక ఎవరైనా తల ఊపారా అని తిరిగి చూడలేదు.

ఆరు నెలలు భాద్రపదంలో నిండాయి. అది శూన్యమాసమని ఇంకొన్నాళ్లు ఆగి, దసరాకి ముందు మంచిరోజు చూసి ఇల్లు తెరిచారు. శుభం జరిగే చోటికి సన్యాసమ్మని ఎవరూ పిలవరు. దేవిశ్రీ పిలిచింది, ముందు రోజే ఫోను చేసి, మరునాడు పొద్దున ఉమామహేష్‌ని కూడా పంపించి. ఆమె వచ్చి, అలవాటు కొద్దీ, గేటుకి ఇవతలే ఆగిపోయింది. దేవిశ్రీ చంకలో అయిదు నెలల ఆడపిల్ల. అమ్మ చెవి పోగు పట్టుకుని లాగుతోంది.

"అక్కడే నిలబడ్డావేటి పిన్నీ. లోపలికి రా."

సన్యాసమ్మ గేటు దాటింది. గడ్డి లేని ఆ దారి మీదే అందరూ మెట్టు దాకా నడిచారు. ఆ దారి ఎలా పడిందో ఎవరూ అడగలేదు. ఉమామహేష్ ఒకసారి కిందికి చూసి, అడుగు కొంచెం జాగ్రత్తగా వేశాడు, అంతే.

తాళంచెవి దేవిశ్రీ చేతిలో ఉంది. తాళంలో పెట్టబోయి ఆగింది. పిల్లని చంక మార్చుకుంది. తమ సొంత ఇంటి తలుపు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది.

ఆ తర్వాత, లోపలున్నవాళ్లు లేచి సర్దుకోడానికి పట్టేంత సేపు, అందరూ ఎండలో నిలబడ్డారు.